గాడ్‌స్టో మఠం నమూనా: ప్రాజెక్టు డైరీ

మార్చి 10, ఆదివారం

మొత్తానికి నీళ్లు తీశాయి. చలికాలమంతా ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న పోర్ట్ మెడో పచ్చిక బయలు చెరువులా ఉండి నడకదారి కనబడలేదు. ఇవాళ వుల్వర్‌కోట్‌లో బస్సు దిగి, ట్రౌట్ అనే పాత పబ్బు దాటి, వంతెన మీదుగా థేమ్స్ అవతలి ఒడ్డుకి వెళ్లాను. ఎడమ చేతి వైపే గాడ్‌స్టో మఠం శిథిలాలు.

మిగిలింది చాలా తక్కువ. గడ్డి నేల చుట్టూ దీర్ఘచతురస్రంగా సున్నపురాతి ప్రహరీ, దాని ఆగ్నేయ మూలన పైకప్పు లేని చిన్న ప్రార్థనా మందిరం. కన్యాస్త్రీలు నాలుగు వందల ఏళ్లు కీర్తనలు పాడిన పెద్ద చర్చి తాలూకు ఒక్క గోడ కూడా నేల మీద లేదు. ఆదివారం షికారుకి వచ్చినవాళ్లు ఆ గడ్డి మీదే దుప్పటి పరుచుకుని శాండ్‌విచ్‌లు తింటారు. తప్పేం కాదు. కానీ కూర్చున్నది దేని మీదో వాళ్లకి చెప్పే బోర్డు చిన్నది, చెప్పాల్సిన కథ పెద్దది.

ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ ప్రతి వేసవిలో ఇటు నడిచాను. ఈసారి ఆ మందిరం, దాన్ని అంటుకున్న ప్రహరీ మూల రెండూ కొలిచి, 1:50 నిష్పత్తిలో అట్టతో నమూనా కట్టాలని మొదలుపెట్టాను. ఇక్కడ మీటరు అంటే నా బల్ల మీద రెండు సెంటీమీటర్లు. ఇక్కడి తెలుగువాళ్ల పిల్లలకి మా సంఘం గదిలో చూపించాలి కాబట్టి కింద చరిత్రంతా తెలుగులోనే రాస్తాను.

ముందు వాళ్లకి ‘కాన్వెంట్’ అన్న మాటే విప్పి చెప్పాలి. మా తెనాలిలో కాన్వెంట్ అంటే ఇంగ్లీషు మీడియం బడి. మఠం నుంచి బడికి, బడి నుంచి ఇంగ్లీషుకి ఆ మాట ఎలా జారిందో మనందరికీ తెలుసు. ఇది అసలు కాన్వెంట్. క్రైస్తవ సన్యాసుల కోసం సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమం పాటించే స్త్రీలు కలిసి బతికిన ఇల్లు. 1133లో ఈడిత్ అనే వితంతువు స్థాపించింది. ఆమె భర్త సర్ విలియం లాన్సలీన్. వించెస్టర్ నుంచి ఈ పక్కనున్న బిన్సీకి వచ్చి ఉండమని, ఆకాశం నుంచి వెలుగు నేలను తాకిన చోట మఠం కట్టమని ఆమెకి ఒక గొంతు వినిపించిందని మఠంవాళ్లు చెప్పుకున్న స్థలపురాణం. స్థలం జాన్ ఆఫ్ సెయింట్ జాన్ ఇచ్చాడు. 1139లో చర్చి ప్రతిష్ఠ జరిగింది, ఈడిత్ తొలి మఠాధిపతి అయింది.

మార్చి 24, ఆదివారం

అమ్మ తెనాలి నుంచి వచ్చి పది రోజులైంది. చలి తగ్గిందని ఇవాళ తనని కూడా తీసుకెళ్లాను.

“సిస్టరమ్మలుండేవాళ్లా ఇక్కడ? మన ఫిరంగిపురంలోలా?” అంది గేటు దగ్గరే.

“అవునమ్మా, కానీ వీళ్లు బడులూ ఆసుపత్రులూ నడిపేవాళ్లు కాదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా గంటల ప్రకారం ప్రార్థన. మధ్యలో పొలాలూ మిల్లులూ చూసుకోవడం.”

“పొలాలున్నాయా? అయితే కాగితాలూ ఉంటాయి,” అంది. నాన్న రిజిస్ట్రారు ఆఫీసు బయట రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. అమ్మకి పొలం అనగానే కాగితమే గుర్తొస్తుంది.

టేపు సున్నా దగ్గర అమ్మ, రెండో చివర నేను. నాకు తెలిసొచ్చిన పద్ధతి ఇది: కిటికీ వెడల్పు ఒకసారి, గోడ ముక్క ఒకసారి అని విడివిడిగా కొలవకూడదు. ప్రతిసారీ అర సెంటీమీటరు తేడా వచ్చి చివరికి గోడ పొడుగే మారిపోతుంది. ఒక మూల నుంచి టేపు బిగించి లాగి, తీయకుండా, తగిలిన ప్రతి అంచు దగ్గరా అంకె రాసుకుంటూ పోవాలి. ఆ తర్వాత రెండు కర్ణాలు. మా తాపీ మేస్త్రులు మూలమట్టం సరిచూసేది అలాగే. రెండు కర్ణాలూ సమానంగా వస్తే గది మూలలు సరిగ్గా ఉన్నట్టు. ఈ మందిరంలో రాలేదు. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ తేడా అటే వచ్చింది. కట్టినవాళ్లు వంకరగా కట్టారా, గోడ తర్వాత ఒరిగిందా అని తూకం గుండు వేలాడదీసి చూశాను. కిందే వంకర ఉంది. అంటే మొదటి రోజు దారం పట్టినప్పటి వంకరే. నమూనాలోనూ దాన్ని అలాగే ఉంచుతాను.

ఇది చట్టప్రకారం రక్షిత కట్టడం. మేకు కొట్టకూడదు, సుద్దతో గీయకూడదు, తవ్వకూడదు. తూకం గుండుని కూడా నేను తెచ్చుకున్న కర్రకే కట్టాను.

తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటే పక్కరాయి మీద ఉలి గీతలు కనిపించాయి. దువ్వెన పళ్లంత దగ్గరగా, అన్నీ ఒకే వైపు వాలి. ప్రహరీ అంతా చేతికందిన రాయి పేర్చి సున్నం కూరారు, చెక్కుడు రాయి కిటికీకే పెట్టారు. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో వాళ్లకి తెలుసు.

ఏప్రిల్ 7, ఆదివారం

ఫోన్‌తో 214 ఫొటోలు తీసి, ఫొటోల నుంచి త్రీడీ రూపం తయారుచేసే మెష్‌రూమ్ అనే ప్రోగ్రాములో వేశాను. రాత్రంతా కంప్యూటరు నడిచి తెల్లారేసరికి దక్షిణపు గోడ రెండు పొరలుగా వచ్చింది. ఫొటోలు తీస్తున్న గంటన్నరలో సూర్యుడు జరిగాడు, నీడలు జరిగాయి, ప్రోగ్రాము నీడ అంచుని రాతి అంచు అనుకుంది. మబ్బు పట్టిన రోజున, ఒక్కో ఫొటో ముందుదానితో మూడింట రెండొంతులు కలిసేలా మళ్లీ తీయాలి. ఇంగ్లాండులో మబ్బుకి కరువు లేదు, వచ్చే వారం సరిపోతుంది.

ఏప్రిల్ 21, ఆదివారం

ఫొటోలు కుదిరాయి. గోడ ఒక్కటిగా వచ్చింది.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలో గీతల కాగితం చూసి “రోజమండ్ సమాధి గదా అది!” అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. ఆ మందిరం 15వ శతాబ్దం చివరిదో 16వ శతాబ్దం మొదటిదో, మఠాధిపతి నివాసానికి చేర్చి కట్టింది. రోజమండ్ అంతకు మూడు వందల ఏళ్ల ముందే పోయింది.

ఆమె కథ మాత్రం వదలడానికి వీల్లేదు. రోజమండ్ క్లిఫర్డ్, రాజు రెండో హెన్రీ ప్రియురాలు. 1176 ప్రాంతంలో చనిపోతే ఇక్కడి పెద్ద చర్చిలో, బలిపీఠం ముందర పాతిపెట్టారు. రాజు ఈ మఠానికి వికమ్, బ్లాక్సమ్ చర్చిల ఆదాయం రాసిచ్చాడు. 1191లో లింకన్ బిషప్ హ్యూ తనిఖీకి వచ్చి, పట్టుబట్టలు కప్పి దీపాలూ మైనపు వత్తులూ వెలిగించి ఉన్న సమాధిని చూసి ఎవరిదని అడిగాడు. చెప్పగానే, చర్చి బయట పెట్టండని ఆజ్ఞ. ఆమె సమాధి మీద ఉండేదని పాత చరిత్రకారులు ఎక్కించిన లాటిన్ పద్యం ఆమె పేరుతో ఆడుకుంటుంది: లోకపు గులాబీయే గానీ నిర్మలమైన గులాబీ కాదు, ఒకప్పుడు పరిమళించేది ఇప్పుడు కంపు కొడుతోంది అని.

చనిపోయిన ఆడదాని మీద ఇంత కసి ఎందుకో నాకు మింగుడుపడదు. దానికి జవాబులాంటి వాక్యం జాన్ లీలాండ్ రాతల్లో దొరికింది. ఎనిమిదో హెన్రీ కాలంలో ఊరూరా తిరిగి పాత విషయాలు రాసుకున్న మనిషి. రోజమండ్ సమాధిని ఈ మధ్యే పైకి తీశారని, ఎముకలు తోలులో చుట్టి సీసపు పెట్టెలో ఉంచారని, తెరిచినప్పుడు చాలా తియ్యటి వాసన వచ్చిందని రాశాడు. పిల్లలకి బోర్డు మీద ఈ రెండూ పక్కపక్కనే పెడతాను.

మే 12, ఆదివారం

కట్టడం మొదలైంది. గోడల లోపలి పొర మూడు మిల్లీమీటర్ల బూడిద అట్ట. పైన రాళ్లు ఎలా చూపించాలన్నది పెద్ద చిక్కు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి సూదితో గీస్తే ఇటుకల్లా వచ్చాయి. ఇవి వరసలు లేని రాళ్లు, ఏ రెండూ ఒక కొలతలో ఉండవు. ఇలాంటి నమూనాలు కట్టేవాళ్లు కొందరు కార్క్ వాడతారు, అది మరీ మెత్తగా కనబడింది.

అమ్మ ఆమ్లెట్ వేస్తూ గుడ్డు పెంకులు పారేయబోతుంటే ఆపాను. కడిగి, లోపలి పొర తీసి, ఆరబెట్టి, తడి జిగురు మీద పరిచి వేలితో నొక్కితే పెంకు తనంతట తానే పగిలి చిన్నా పెద్దా ముక్కలుగా సర్దుకుంది. సందుల్లో పల్చటి ప్లాస్టరు తోసి గుడ్డతో తుడిస్తే సరిగ్గా ఆ గోడే. గుడ్డు గుండ్రం కాబట్టి ప్రతి ముక్కకీ కాస్త ఉబ్బు కూడా ఉంది, అసలు రాయికి ఉన్నట్టే. ఒక్క దక్షిణపు గోడకే తొమ్మిది గుడ్లు పట్టాయి.

రంగు: పల్చటి కాఫీ డికాక్షన్ ఒక పూత. రాళ్ల మీద పసుపురంగు నాచు మచ్చలు ఉంటాయి, వాటికి నిజంగానే పసుపు నీళ్లలో కలిపి బ్రష్షు చివరతో చుక్కలు పెట్టాను.

మే 26, ఆదివారం

ఈ వారం అట్టా జిగురూ ముట్టుకోలేదు. ఒక పుస్తకం చదువుతూ ఉండిపోయాను.

గాడ్‌స్టోలో రాళ్లకన్నా బాగా మిగిలింది వాళ్ల దస్తావేజుల పుస్తకం. ఎవరు ఏ పొలం ఇచ్చారు, ఏ మిల్లు, ఏ అద్దె, హద్దులేమిటి, సాక్షులెవరు, అన్నీ ఎక్కించిన రిజిస్టరు. అసలు పత్రాలు లాటిన్‌లో ఉండేవి. 1450 ప్రాంతంలో, ఆలిస్ హెన్లీ మఠాధిపతిగా ఉన్నప్పుడు, ఆమె కోరిక మీద ఒకాయన వాటిని ఇంగ్లీషులోకి మార్చాడు. తన పేరు చెప్పుకోలేదు, మీ మేలు కోరే పేద సోదరుణ్ణి అన్నాడు అంతే. ఆ రాతప్రతి ఇక్కడే బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఆండ్రూ క్లార్క్ పరిష్కరించి 1905 నుంచి 1911 మధ్య అచ్చు వేయించిన పాఠం నేను చదివింది.

ముందుమాటలో ఆయన చెప్పిన కారణం చదివి చాలాసేపు పేజీ తిప్పలేదు. మఠంలోని స్త్రీలకి లాటిన్ అంతగా తెలియకపోవడం తప్పు కాదు, అది వాళ్ల మాతృభాష కాదు అంటాడు. ఇంగ్లీషు పుస్తకాలు వాళ్లు బాగా చదువుతారు. దగ్గర్లో నమ్మకమైన చదువుకున్న మనిషి ఎప్పుడూ ఉండడు కాబట్టి, తమ కాగితాల్లో ఏముందో వాళ్లే చదివి తెలుసుకుంటే ఆస్తి కాపాడుకోగలరు, శిస్తు వసూలు చేసే మనుషులకి సరిగ్గా చెప్పగలరు అని.

ఆ రోజుల్లో లాటిన్ కోర్టు భాష, చర్చి భాష, పెద్దల భాష. పక్కనే రెండు మైళ్లలో విశ్వవిద్యాలయం నిండా లాటిన్ పండితులే. వాళ్లలో కొందరు ఈ మఠం గురించి చెప్పుకున్న మాటలేమిటో 1430ల్లో బిషప్ గ్రే తనిఖీ కాగితాల్లో ఉంది: గాడ్‌స్టో కన్యాస్త్రీలతో కావలసినంత కాలక్షేపం దొరుకుతుందని. గాడ్‌స్టో గురించి రాసేవాళ్లు ఈ మాటని తప్పకుండా ఎత్తుతారు. అదే తరంలో అదే ఇంటి ఆడవాళ్లు తమ పొలాల కాగితాలు తమ భాషలో తామే చదువుకోవాలని పట్టుబట్టి రాయించుకున్నారన్నది అంతగా ఎత్తరు. నాకు ఆ రెండో సంగతే ఈ మఠం చరిత్రలో అన్నిటికన్నా పెద్దది.

రాత్రి అన్నం తింటూ అమ్మకి చెప్పాను. తను ఏడో తరగతి దాకా చదివింది, పేపరు మొత్తం చదువుతుంది. కాసేపు మాట్లాడలేదు. “మీ నాన్న పోయాక బ్యాంకులో పద్నాలుగు సంతకాలు పెట్టించారు. అంతా ఇంగ్లీషే. ఏం రాసుందని అడిగితే, ఏం లేదమ్మా మామూలే అన్నాడు,” అంది. మళ్లీ “మీ నాన్న అట్లా చేసేవాడు కాదు. వేలిముద్ర వేసే ముసలమ్మకైనా మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించేవాడు,” అంది.

ఆ పేద సోదరుడు నాన్నలాంటి మనిషి అయ్యుంటాడు.

జూన్ 9, ఆదివారం

పసుపు వెలిసిపోయింది. కిటికీ పక్కన బల్ల మీద పెట్టడం నా పొరపాటు. ఎండ తగిలిన వైపు మచ్చలు మూడు వారాల్లో మాయమై, నీడ వైపు మాత్రం మిగిలాయి. పసుపు ఎండకి నిలవదని బట్టలు ఆరేసే ప్రతివాళ్లకీ తెలిసిన విషయమే. చివరికి ఓకర్ అనే పసుపుమట్టి రంగు పొడి కొని మళ్లీ పెట్టాను.

అమ్మా నేనూ అక్కడికి వెళ్లి ఒక మొక్క కోసం వెతికాం. బర్త్‌వర్ట్ అని, మన ఈశ్వర వేరుకి దగ్గరి చుట్టం. పూర్వం కాన్పు కష్టమైనప్పుడు వాడేవాళ్లు. గాడ్‌స్టో శిథిలాల్లో పెరుగుతున్నట్టు ఇక్కడి వృక్షశాస్త్రజ్ఞులు రాసి పెట్టారు. మాకైతే దురదగొండి తప్ప ఏమీ కనబడలేదు, అమ్మ మోచేతికి తగిలి సాయంత్రం దాకా మండింది.

బోర్డు మీద ‘ముగింపు’ భాగం రాశాను. చివరి మఠాధిపతి కాథరిన్ బల్క్‌లీ. పోపుతో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయిస్తున్న కాలం. 1538 నవంబరులో డాక్టర్ జాన్ లండన్ అనే అధికారి పరివారంతో హఠాత్తుగా వచ్చి దిగాడు. కన్యాస్త్రీలని ఒక్కొక్కరిగా పిలిచి బెదిరించి, బుజ్జగించి, మఠం అప్పగించమన్నాడు. ఆమె లొంగలేదు. రాజుకో మీకో తప్ప ఇంకెవరికీ అప్పగించనని నేరుగా రాజు ముఖ్యమంత్రి థామస్ క్రామ్‌వెల్‌కి ఉత్తరం రాసింది. క్రామ్‌వెల్ ఆయన్ని ఆపించాడు. అదే నెలలో ఇంకో ఉత్తరంలో, ఇక్కడ పోపూ లేడు, పాపపరిహార లోకమూ లేదు, విగ్రహాలూ యాత్రలూ లేవు అని కూడా రాసింది. ఇల్లు నిలబెట్టుకోవడానికి అంతదాకా దిగింది. సరిగ్గా ఒక ఏడాది దొరికింది. 1539 నవంబరు 17న అప్పగించక తప్పలేదు.

తర్వాత రాజవైద్యుడు జార్జ్ ఓవెన్ చేతికి వచ్చింది, ఇల్లుగా మార్చుకున్నాడు. రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో రాజు పక్షం సైనికులు దాన్ని కోట చేసుకుని, 1645లో వెళ్లిపోతూ శత్రువు చేతికి చిక్కకూడదని తగలబెట్టారు. 1729లో బక్ సోదరులు అచ్చేసిన చిత్రంలో ఇప్పటికన్నా ఎక్కువ గోడలే నిలబడి ఉన్నాయి. ఆ పైన ఊరివాళ్లు, పశువులు, కాలం. 1862 జులై 4న ఆలిస్ అనే చిన్నపిల్ల అద్భుతలోకానికి వెళ్లిన కథ మొదటిసారి చెప్పింది ఈ గాడ్‌స్టో దాకా వేసిన పడవ ప్రయాణంలోనే. పిల్లలకి అది నచ్చుతుంది, ఒక వాక్యం చాలు.

జూన్ 30, ఆదివారం

రిజిస్టరులోంచి ఒక్క పత్రమైనా తెలుగులో పెట్టాలనుకున్నాను. రోజమండ్ తండ్రి వాల్టర్ క్లిఫర్డ్ రాసిచ్చింది ఎంచుకున్నాను. ఫ్రాంప్టన్‌లో ఒక మిల్లు, దాని దగ్గర చిన్న పచ్చిక బీడు. భార్య మార్గరెట్ కోసం, కూతురు రోజమండ్ కోసం, వాళ్ల ఆత్మల మేలు కోసం. రాజు సంగతి లేదు, నింద లేదు. మా అమ్మాయి అని ఉంది, అంతే.

మామూలు తెలుగులో రాస్తే ఉత్తరంలా వచ్చింది. దస్తావేజు దస్తావేజులాగే ఉండాలి. “నాన్న ఎలా మొదలుపెట్టేవారమ్మా?” అని అడిగితే అమ్మ కళ్లు మూసుకుని, ముప్ఫై ఏళ్లు గుమ్మంలో కూర్చుని విన్నది విన్నట్టు చెప్పుకుపోయింది. ఏ సంవత్సరం ఏ తేదీన, ఎవరికి ఎవరు, ఇష్టపూర్వకంగా, స్వస్థచిత్తంతో. నేను టైపు చేస్తూ పోయాను. చివర్లో, “పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించగలవారు,” అని నేనే పూర్తి చేశాను. ఆ మాట నాకూ వచ్చు.

“కాదే,” అంది. “సిస్టరమ్మలకి పుత్రులెక్కడ, పౌత్రులెక్కడ? దేవుడి సొత్తు అమ్మే హక్కూ ఉండదు. గుడి మాన్యానికి అట్లా రాయరు.”

“మరెట్లా?”

“ఆచంద్రార్కం అని రాస్తారు.”

రిజిస్టరు తెరిచి చూశాను. అలాంటి పత్రాల్లో పదేపదే వచ్చే ఇంగ్లీషు పదబంధం స్వచ్ఛమైన, శాశ్వతమైన ధర్మదానం అనే. ఎవరికీ సేవ బాకీ పడకుండా, ఎప్పటికీ దేవుడి ఇంటికి అని. దానికి మన శాసనాల్లో ఉన్న మాట అమ్మ చెప్పిందే. సూర్యచంద్రులున్నంత కాలం. గాడ్‌స్టోకి ఆ కాలం 406 ఏళ్లు.

జులై 14, ఆదివారం

అమ్మకి గురువారం విమానం. అందుకని రెండు రోజులు సెలవు పెట్టి పని ముగించే దాకా తెచ్చాను. నాలుగు గోడలూ నిలబెట్టాను. కిటికీ నిలువు కమ్ములు అగ్గిపుల్లల్ని చీల్చి గీకి చేశాను, రెండు విరిగాయి, మూడోసారి కుదిరాయి. పైకప్పు పెట్టలేదు. ఎలా ఉండేదో ఊహించి పెట్టే బదులు ఇప్పుడున్నది ఉన్నట్టే చూపించడం మంచిదనిపించింది. మందిరం మూలల వంకర కూడా అలాగే వచ్చింది. పైనుంచి చూస్తే తెలుస్తుంది.

దస్తావేజుని మంచి ఫాంటులో అచ్చు తీసుకొస్తానంటే అమ్మ వద్దంది. “నేను రాస్తాలే.” మందపాటి కాగితం, నా ఇంకు పెన్ను ఇచ్చాను. నాన్న రాసే గుండ్రటి అక్షరాల్లా ఉండాలని రెండుసార్లు చిత్తు రాసుకుని, మూడోసారి అసలు కాగితం మీద రాసింది. కింద హద్దులు, ఆ కింద సాక్షులకి జాగా. ‘ఆచంద్రార్కముగా’ దగ్గర చెయ్యి తగిలి సిరా కొంచెం అలుక్కుంది. మళ్లీ రాయనంది. అలాగే నమూనా ముందు అతికించాను.

గడ్డి అతికించడం మిగిలింది. రంపపు పొట్టు ఆకుపచ్చ రంగులో నానబెట్టి పేపరు మీద ఆరేశాను. ఎల్లుండికి ఆరుతుంది.